ఆగి ఉన్న కారులో

ఆ చలికాలం మా అల్లుడు ఫణి తన కారుకి ఒక కన్ను పెట్టించాడు. అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళుండే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎవరో మహానుభావుడు వెనక బంపర్‌ని గీరుకుంటూ పోయి, సారీ అనైనా అనకుండా జారుకున్నాడు. దాంతో ముందు అద్దానికి లోపలి వైపు ఒక బుల్లి డ్యాష్ కెమెరా వెలిసింది. కారు నడుస్తున్నంత సేపే కాదు, ఆపి తాళం వేసి వచ్చేసినా అది కాపలా కాస్తుందట. దగ్గర్లో ఏది కదిలినా మేలుకుని రికార్డు చేసేస్తుందట. దాన్ని పార్కింగ్ మోడ్ అంటారని నా మనవరాలు తన్వి చెప్పింది. ఒకటో తరగతి పిల్ల. ఆ ఇంట్లో ఫణికీ నాకూ మధ్య మాటలు మోసే బాధ్యత దానిదే.

మా వైపు అత్తగారు అల్లుడి ఎదురుగా కూర్చుని కబుర్లాడదు. మా అమ్మ మా ఆయనతో ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచి చెప్పేది, అదీ గోడకి చెప్పినట్టు. నేను అంత ఛాందసురాలిని కాను గానీ, చిన్నప్పటి నుంచీ చూసిన అలవాటు ఎక్కడికి పోతుంది? ఫణి చూడబోతే నోట్లో మాట నోట్లోనే ఉండే రకం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో “భోంచేశారా”, “ఆఁ అండీ” దాటి ఇద్దరం ముందుకు పోలేదు. “తన్వీ, అమ్మమ్మని ఇంకో దోసె వెయ్యమను” అని అతనూ, “తన్వీ, డాడీకి పచ్చడి కావాలేమో కనుక్కో” అని నేనూ. ముగ్గురం ఒకే బల్ల దగ్గర, మోచేతులు తగిలేంత దగ్గరలో కూర్చునే ఈ రాయబారాలు. మా అమ్మాయి మేధ చూసి తల కొట్టుకునేది.

మా ఆయన పోయినప్పటి నుంచీ కాకినాడలో నేనూ, మా ఆడపడుచు శాంతీ కలిసి కర్రీ పాయింట్ నడుపుతాం. బోర్డు మీద రత్నం, శాంతి అని మా ఇద్దరి పేర్లూ ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి కాలేజీ పిల్లలూ, బ్యాంకు ఉద్యోగులూ, వంటకి ఓపిక లేని కొత్త జంటలూ బళ్ళు ఆపి మూగుతారు. ఆ గోలలో గోంగూర పప్పు రెండు, దొండకాయ వేపుడు ఒకటి అని అరిచి అరిచి నా గొంతు అలా స్థిరపడిపోయింది. ఈ గొంతుతో అల్లుడి ఇంట్లో ఫోన్ మాట్లాడితే ఏమవుతుంది? అతను ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాడు. నేను పడగ్గది తలుపు వేసుకుని శాంతితో మాట్లాడుతుంటే, హాల్లో అతని మీటింగులో ఉన్న దొరగారెవరో, మీ ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగాడట. ఆ సంగతి తన్వి నా చెవిన వేసింది. ఆ రోజు నుంచీ నోరు కట్టేసుకున్నాను.

కట్టేసుకుని ఎన్నాళ్ళుంటాను? ఒకనాడు ఇండియన్ స్టోర్‌లో కొన్న కరివేపాకు కారులోనే మరిచిపోయామని కిందికి దిగాను. కారెక్కి తలుపు లాక్కోగానే లోకం మొత్తం బయట ఉండిపోయింది. గాలి చప్పుడు లేదు, మనిషి అలికిడి లేదు. బాల్కనీ కిందే పార్కింగ్ కాబట్టి ఫోన్‌లో వైఫై రెండు గీతలు కనిపిస్తున్నాయి. అక్కడే శాంతికి ఫోన్ కలిపాను. కరివేపాకు తీసుకుని పైకొచ్చేసరికి కాళ్ళు కొయ్యబారిపోయాయి గానీ, ప్రాణం మాత్రం లేచొచ్చింది.

అదే అలవాటయింది. పొద్దున్నే ఫణి మేధని రైలు స్టేషన్‌లో దింపి వచ్చి కారు పెట్టేస్తాడు. తన్వి స్కూల్ బస్సెక్కుతుంది. ఫణి చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాక, కారిడార్‌లో కాసేపు నడిచి వస్తానని సైగ చేసి, కొక్కేనికున్న తాళాలు పట్టుకుని దిగేదాన్ని. రెండు స్వెటర్లు, మంకీ క్యాపు, పైన శాలువా, కాళ్ళ మీద తన్వి పాత దుప్పటి. అప్పటికి కాకినాడలో చీకటి పడి ఉండేది. శాంతి కొట్టు కట్టేసి గుండిగలు తోముకుంటూ ఫోన్ స్పీకర్లో పెట్టేది. నా ఎదురుగా కెమెరాకి ఎర్రదీపం మినుకుమినుకుమంటూనే ఉండేది. రోడ్డుకేసి చూసే కంటికి లోపల కూర్చున్న ముసలిదానితో ఏం పని అనుకున్నాను. దానికి చెవులు కూడా ఉంటాయని నాతో ఎవరన్నారు?

ఇక మా మాటలకి అదుపేముంది? మేధ నాకు కొన్న బూట్ల బరువు దగ్గర్నుంచి, పక్కింటి గుజరాతీ ఆవిడ పప్పులో వేసే చక్కెర దాకా అన్నీ దొర్లేవి. అల్లుణ్ణి కూడా వదల్లేదు. వంకాయ కూర వడ్డిస్తే ముక్కల్ని కంచం అంచుకి నెట్టేసి, అవి తనవి కానట్టు తింటాడని చెప్పాను. నవ్వితే జీతం కోస్తారేమోనని అతనికి భయమని చెప్పాను. అయినా బంగారం లాంటి మనిషే, మేధకి తలనొప్పి వస్తే ముందు అతను మంచమెక్కుతాడు అని కూడా చెప్పాను. శాంతి అక్కడ గిన్నె కింద పడేసుకునేంతగా నవ్వేది.

నవ్వులన్నీ అయ్యాక అసలు మాట వచ్చేది. మేధకి కిందటేడు సిటిజన్‌షిప్ వచ్చింది. నాకు గ్రీన్‌కార్డుకి అప్లై చేసి, ఇక తన దగ్గరే ఉంచేసుకోవాలని నిశ్చయించుకుంది. నన్ను అడగలేదు. అడగాలని దానికి తోచలేదు. అమ్మ పొయ్యి దగ్గర కష్టపడింది చాలు, ఇప్పుడైనా సుఖపడాలని దాని ఆశ. ఇక్కడ సంగతి ఇలా ఉంటే, అక్కడ శాంతి ఒక్కత్తీ కొట్టు నడపలేదు. ఉంచుతారో ఖాళీ చేస్తారో ఉగాదికల్లా తేల్చమంటున్నాడు కొట్టు గది ఓనరు.

“వదినా, ఇవాళ మళ్ళీ అడిగాడు” అంది శాంతి ఒకరోజు. “నీకు అక్కడ ఉండిపోవాలనుంటే ఉండు, నేనేం అనుకోను. కానీ రానంటే రానని చెప్పు. తాళాలు ఇచ్చేస్తాను.”

“ఉండిపోవాలని లేదే శాంతీ. పొద్దున్న లేస్తే ఇక్కడ నాకోసం ఏ పనీ కాచుకుని ఉండదు. వచ్చేయాలనే ఉంది. ఆ మాట దాని మొహం చూస్తూ ఎలా చెప్పనే? మొన్న కోటు కొని, వచ్చే ఏడు చలికి కూడా పనికొస్తుందమ్మా అని ఒకటే మురిసిపోవడం.”

చెబుతూ ఏడ్చాను కూడా. మంకీ క్యాపుతోనే కళ్ళు తుడుచుకుని, పైకొచ్చి చారు పెట్టాను.

డిసెంబరు చివర్లో చలి ముదిరింది. శాలువా అంచు మీద నా ఊపిరే మంచై కూర్చునేది. ఆ చలికి కారు మొరాయించడం మొదలెట్టింది. పొద్దున్నే ఫణి బటన్ నొక్కితే టకటకమని ఊరుకునేది. మేధ రైలు తప్పిపోయేది. రైలు తప్పినందుకు మేధ ఫణి మీదా, మేధ విసుక్కున్నందుకు ఫణి కారు మీదా కోపగించుకునేవారు. ఫణి జంప్ స్టార్టర్ అని టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి కొన్నాడు. దాని తీగలు బ్యాటరీకి తగిలిస్తే కారు లేచేది. ఆ తర్వాత బ్యాటరీయే కొత్తది వేయించాడు. అయినా అదే వరస. చలికి బ్యాటరీలో సగం సత్తువే ఉంటుంది, ఆ సగాన్నీ ఆగి ఉన్నప్పుడు కెమెరా తాగేస్తోంది, అంతసేపు మేలుకుని అది ఏం చూస్తోందో కనుక్కోవాలి అని అతను మేధతో అంటుంటే విన్నాను. విని ఆ కెమెరాని నాలుగు తిట్టుకున్నాను తప్ప, నా మీద నాకే అనుమానం రాలేదు.

ఆ శనివారం మేధ తన్విని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళింది. ఫణి కెమెరాలోంచి తీసిన గోరంత కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. కాసేపటికి అతని భుజాలు కదలడం మొదలెట్టాయి. చూద్దును కదా, నవ్వుతున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతున్నాడు. ఆగి ఉన్న కారు ముందు మంచు తప్ప ఏముంటుంది, అందులో అంత నవ్వొచ్చేదేముంది అనుకుంటూ పోపు పెట్టుకున్నాను. మళ్ళీ చూసేసరికి నవ్వు లేదు. చాలాసేపు కదలకుండా కూర్చుని, లాప్‌టాప్ మూసేసి, లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆ సాయంత్రం వంకాయ కూర. ఫణి ఒక్క ముక్క కూడా అంచుకి నెట్టలేదు. అన్నీ తినేసి, అమ్మమ్మని ఇంకొంచెం వెయ్యమను అని తన్వితో అన్నాడు. మేధ అతని నుదుటి మీద చెయ్యేసి జ్వరమేమైనా తగిలిందా అని చూసింది. నాకు మాత్రం నా చేతివంట ఇన్నాళ్ళకి అతనికి ఎక్కిందని గర్వం కలిగింది.

సోమవారం పొద్దున్న యథాప్రకారం కిందికి దిగాను. కారు దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. లోపల ఎవరూ లేరు, ఇంజిన్ తిరుగుతోంది. వెనక నుంచి పొగ వస్తోంది. ముందు అద్దం మీద మంచు కరిగి కారిపోతోంది. దొంగేమోనని చుట్టూ చూశాను. ధైర్యం చేసి తలుపు తీస్తే లోపల వెచ్చగా ఉంది. నేను కూర్చునే సీటు కూడా వెచ్చగా ఉంది, దాని మీద మందపాటి కొత్త దుప్పటి ఒకటి మడతపెట్టి ఉంది. తలెత్తి పైకి చూశాను. బాల్కనీ తలుపు వెనకాల ఫణి ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చూడగానే పక్కకి తప్పుకున్నాడు. డాడీ ఫోన్‌లోంచే కారు స్టార్ట్ చేస్తాడని తన్వి ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది.

అప్పుడు వెలిగింది నాకు. హెడ్‌ఫోన్స్, నవ్వు, వంకాయ కూర. ఆ ఎర్రదీపం కేసి చూస్తే తల కొట్టేసినట్టయింది. అతని గురించి నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, ఆ వెచ్చటి సీటులో ముడుచుకుపోయాను. ఆ రోజు శాంతికి ఫోన్ చేయలేదు. సిగ్గు కాస్త సర్దుకున్నాక భయం మొదలైంది. నవ్వు ఆగిపోయాక అతను విన్నది ఏమిటో నాకు తెలుసు. ఆ మాట మేధ చెవిన పడితే అది ఎంత నొచ్చుకుంటుందో కూడా తెలుసు.

చాలాసేపు ఆలోచించి, శాలువా సరిచేసుకుని, కెమెరాతో మాట్లాడాను. తలుపు చాటు నుంచి మా అమ్మ మాట్లాడినట్టే, దాని కేసి చూడకుండా మాట్లాడాను.

“ఫణి బాబూ, మీరు విన్నారని తెలిసింది. వంకాయ సంగతీ అవీ మనసులో పెట్టుకోకండి. కొట్టు మాట మాత్రం మేధకి చెప్పకండి. మీ నోటి నుంచి వింటే, అమ్మ నాకు చెప్పుకోలేకపోయిందని బాధపడుతుంది. నేనే చెప్తాను. కాస్త ధైర్యం కూడదీసుకోనివ్వండి.”

అల్లుడితో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నాకు అదే మొదలు. చెప్పేశాక ఒళ్ళు తేలికైంది.

జవాబు ఆ వారంలోనే వచ్చింది. అందరం భోజనాల దగ్గర ఉన్నాం. ఫణి పెరుగన్నం కలుపుకుంటూ, కంచంలోంచి తలెత్తకుండా, “తన్వీ, అమ్మమ్మకి చెప్పు. కెమెరాలో సౌండ్ తీసేశాను. ఇక కార్లో ఎవరేం మాట్లాడుకున్నా వినపడదు. తొందరేం లేదని కూడా చెప్పు” అన్నాడు.

ఏమిటి తొందర లేనిది అని మేధ అడిగింది. బ్యాటరీ సంగతి అన్నాడు ఫణి. ఆ బ్యాటరీ గొడవ భోజనాల దగ్గర కూడానా అని అది విసుక్కుంది. తన్వి నా వైపు తిరిగి, తన పని తను చేసింది.

“అమ్మమ్మా, డాడీ సౌండ్ ఆఫ్ చేసాడు అంట. నో హర్రీ అంట.”

నేను తల వంచుకుని మజ్జిగ పోసుకున్నాను. నిజం చెప్పొద్దూ, సౌండ్ తీసేశానంటే కాస్త వెలితిగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళకి మా అల్లుడు నా మాటలు విని నవ్వాడు మరి.

జనవరి అంతా ధైర్యం కూడదీసుకుంటూనే గడిచిపోయింది. నేను దిగేసరికి కారు వెచ్చబడి సిద్ధంగా ఉండేది. శాంతి రోజూ అడిగేది, చెప్పావా వదినా అని. రేపు చెప్తానే అనేదాన్ని. సాయంత్రం మేధ రైలు దిగి, మంచు తొక్కుకుంటూ ఇంట్లోకి వచ్చి, అమ్మా అని నా భుజం మీద తల వాల్చగానే ఆ రేపు మళ్ళీ ఎల్లుండయ్యేది. ఒకసారి మొదలుపెట్టాను కూడా. కొట్టు గురించి ఒక మాట అన్నానో లేదో, ఇంకా ఆ కొట్టు గురించి దిగులెందుకమ్మా అంటూ, అరోరా ఊళ్ళో ఉన్న గుడికి పెద్దవాళ్ళని తీసుకెళ్ళే వ్యాన్ వేళలు ఫోన్‌లో చూపించింది. నా కోసం ఎంత వెతికిందో పాపం. ఆ ప్రేమ చూసి, కొట్టు మాట మింగేసి, వ్యాన్ వేళలు చదువుకున్నాను.

చివరికి మేధ గ్రీన్‌కార్డు కోసం చేయించాల్సిన వైద్యపరీక్షకి అపాయింట్‌మెంట్ బుక్ చేసి, ఆఫీస్‌కి సెలవు పెట్టింది. ఆ రోజు చలికి స్కూళ్ళు మూసేశారు. డాక్టర్ ఆఫీసు మాత్రం తెరిచే ఉంటుందని ఫోన్ చేసి కనుక్కుంది. పొద్దున్నే మేధా నేనూ కారెక్కి కూర్చున్నాం. అది బటన్ నొక్కింది. టక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంది. కొత్త బ్యాటరీ ఆ చలికి మళ్ళీ చేతులెత్తేసింది. మేధ ఫణికి ఫోన్ చేస్తే, జంప్ స్టార్టర్ పట్టుకుని ఇప్పుడే వస్తున్నానన్నాడు.

రాలేదు. పక్క అద్దానికి పేరుకున్న మంచుని చేత్తో తుడిచి పైకి చూశాను. ఫణి కోటు వేసుకుని, ఆ పెట్టె చంకలో పెట్టుకుని, బాల్కనీ తలుపు వెనక నిలబడి ఉన్నాడు. కదలడం లేదు. పక్కన తన్వి తలుపు అద్దానికి ముక్కు ఆనించి మా వైపే చూస్తోంది. మేధ స్టీరింగ్ మీద తల వాల్చుకుని ఉంది కాబట్టి చూడలేదు. అతను ఎందుకు ఆగాడో నాకు అర్థమైంది. అతను కిందికి వచ్చి కారు లేపేలోగా నేను చెప్పాలి.

“మేధా, నేను ఆ డాక్టర్ దగ్గరికి రానే.”

“భయమా? బ్లడ్ టెస్ట్ చేస్తారు, అంతేనమ్మా.”

“భయం కాదు. నేను కాకినాడ వెళ్ళిపోతాను. వస్తూ పోతూ ఉంటాను గానీ, ఉండిపోను.”

అది తలెత్తింది. నేను నిన్ను బాగా చూసుకోవడం లేదా అని అడిగింది.

“చూసుకుంటున్నావు. నన్ను కూర్చోబెట్టి చూసుకుంటున్నావు. నాకు అప్పుడే కూర్చోవాలని లేదే తల్లీ.”

అక్కడ నీకేమైనా అయితే ఎవరున్నారంది. శాంతి ఉందన్నాను. నీకు దూరంగా నేనుంటే నీకు బెంగ ఉండదా అంది. ఉంటుంది, పని చేసుకుంటూ బెంగపెట్టుకుంటానన్నాను. దానికి కోపం వచ్చింది. ఎప్పటి నుంచి అనుకుంటున్నావని నిలదీసింది. వచ్చినప్పటి నుంచీ అనేసరికి, మరి నాకెందుకు చెప్పలేదు, ఇంకెవరెవరికి తెలుసు అంది. శాంతికి తెలుసన్నాను. ఇక దాచడం ఎందుకని, ఫణికి కూడా తెలుసని చెప్పేశాను.

“ఫణితో చెప్పావా? నువ్వు ఫణితో మాట్లాడావా?”

“కెమెరాతో చెప్పాను. అతను విన్నాడు.”

మేధ కెమెరా కేసి చూసింది, నా కేసి చూసింది. నవ్వబోయి ఏడ్చేసింది. చేతి తొడుగులతోనే మొహం కప్పుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. రెండు లావుపాటి కోట్ల మీదుగా నా చెయ్యి దానికి తెలిసిందో లేదో.

అప్పుడు వచ్చాడు ఫణి. బానెట్ ఎత్తి తీగలు తగిలించాడు. కారు లేచింది. మేధ కిటికీ దించితే, ఆపకుండా కాసేపు తిప్పమనీ, లేకపోతే బ్యాటరీ నిండదనీ చెప్పాడు. మేధ ఎర్రబడ్డ కళ్ళు చూసి చెంప మీద చెయ్యేసి తీశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. పక్కన తన్వి లేదు.

“వెళ్ళి రండి అత్తయ్యగారూ” అన్నాడు.

మేధ కారుని మెయిన్ రోడ్డెక్కించింది. రోడ్డుకి అటూ ఇటూ తోసిన మంచు గుట్టలు మనిషెత్తున ఉన్నాయి. డాక్టర్ ఆఫీసు వైపు తిరగాల్సిన సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడి ఆగాం. పచ్చ లైటు వచ్చింది. అది తిరగలేదు. తిన్నగా పోనిచ్చింది.

కొంత దూరం పోయాక, “రోజూ అన్ని కూరలకి ఉల్లిపాయలు ఎవరు కోస్తారమ్మా?” అంది.

ఇన్నేళ్ళలో నా కూతురు కొట్టు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. అమ్మ కష్టం అనుకుంది తప్ప, అమ్మ పని అని అది ఎప్పుడూ అనుకోలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కోతకి పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్ళు వస్తారని, వాళ్ళు రాని రోజు శాంతీ నేనూ కత్తిపీటల ముందు కూర్చుంటామని, ఉప్పు శాంతి చూస్తే కారం నేను చూస్తానని, గోంగూర పప్పు అయిపోయిందంటే బ్యాంకు మేనేజరు అలిగి ఉత్త చేతులతో వెళ్ళిపోతాడని, అతని కోసం శాంతి ఒక పొట్లం పక్కన దాచిపెడుతుందని. చెబుతూ చెబుతూ నా గొంతు కొట్టులో గొంతైపోయింది. తగ్గించలేదు. మేధ బుగ్గల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోకుండా వింటూ నడుపుతోంది.

“సెలవుల్లో తన్విని తీసుకుని నేనొస్తే, నాకేం పని ఇస్తావు?” అంది.

“ఉల్లిపాయలు కోద్దువు గాని. అక్కడ ఎంత ఏడ్చినా, ఎందుకని ఎవరూ అడగరు.”